ఇప్పుడెంత ఉంది?

మా చిన్నమ్మాయి ఏం ఉద్యోగం చేస్తోందని ఎవరైనా అడిగితే "కంప్యూటర్లో" అని చెప్పి ఊరుకోవడం నాకు అలవాటు. అడిగినవాళ్ళు కూడా "ఓహో, మావాడూ అంతే" అని తృప్తిగా తలాడిస్తారు. ఆ పైన ప్రశ్నలుండవు. హైదరాబాదులో మా అపార్టుమెంటులో నలభై ఎనిమిది ఫ్లాట్లుంటే అందులో ముప్పైయింటి పిల్లలు "కంప్యూటర్లో"నే ఉన్నారు. ఎవరి కంప్యూటర్లో ఏముందో ఏ తల్లికీ తెలీదు.

అయితే కరోనా పుణ్యమా అని ఆ ఆఫీసు కాస్తా మా ఇంటి మధ్య గదిలోకి వచ్చి పడింది. ఇప్పటికీ వారానికి రెండు మూడు రోజులు అక్కడే. నేను బట్టలు మడతపెట్టుకునే బల్ల దాని ఆఫీసయింది. కాఫీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా కళ్ళు ఆ తెర మీదికి పోతాయి కదా. ఒకరోజు చూద్దును కదా, ఆ తెర నిండా ఒక లావుపాటి గొట్టంలాంటి బొమ్మ. లోపల ఎర్రగా, ఆ పైన నారింజ, పసుపు, ఆకుపచ్చ, అంచున ముదురు నీలం.

"ఈ రంగుల్లో పోచంపల్లి దొరికితే ఎంత బావుణ్ణే" అన్నాను.

అది నవ్వి, "చీర కాదమ్మా, వాల్వు. పవర్ స్టేషన్లో ఆవిరి గొట్టానికి పెట్టేది. మన గ్యాసు సిలిండరు మీద తిప్పుతావే, దానికి ముత్తాత అనుకో. లోపల అయిదొందల నలభై డిగ్రీల ఆవిరి పోతుంది. గోడ నీ అరచేతి వెడల్పంత మందం" అంది.

అయిదొందల నలభై! మన కుక్కరు మూడు విజిల్సు కొట్టినప్పుడు లోపల ఉండేది నూట ఇరవై డిగ్రీలేనట. దానికే నేను ఆమడదూరం నుంచుని స్టవ్వు కట్టేస్తాను.

అసలు దాని పనేమిటో ఆ రోజు మొదటిసారి కూర్చుని చెప్పించుకున్నాను. దానికీ ఎందుకో ఓపికగా ఉంది. అర్థమైనంతవరకూ చెబుతాను. తప్పులుంటే అవి నావి, అమ్మాయివి కావు.

ఒక వస్తువును తయారుచేయకముందే కంప్యూటర్లో దాని బొమ్మ కట్టి, అది ఎంత వేడెక్కుతుంది, ఎంత బలానికి తట్టుకుంటుంది అని లెక్క వేస్తారు. బొమ్మనంతా ఒకేసారి లెక్కకట్టడం ఎవరివల్లా కాదు గనక చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు, వేలూ లక్షలూ. ఒక్కో ముక్క లెక్క సులువు. అన్నీ కలిపితే మొత్తం తేలుతుంది. 1956లో బోయింగ్ కంపెనీ వాళ్ళూ, కాలిఫోర్నియాలోని బర్క్లీ ప్రొఫెసరు రే క్లఫ్ కూ ఈ పద్ధతిలో విమానాల భాగాల బిగువు లెక్కకట్టి ఒక వ్యాసం ప్రకటించారట. 1960లో ఆ క్లఫ్ గారే దానికి 'ఫైనైట్ ఎలిమెంట్' అని పేరు పెట్టారట. అంటే ఈ విద్యకి దాదాపు నా వయసే అన్నమాట. నాకు మోకాళ్ళు పట్టేశాయి, దానికింకా పట్టలేదు.

ఇందులో రెండు లెక్కలున్నాయి. మొదటిది వేడి లెక్క. ఏ చోట ఎన్ని డిగ్రీలుందో తేల్చడం. రెండోది బిగువు లెక్క. ఆ వేడికి వస్తువు సాగబోతే ఎక్కడ ఎంత ఒత్తిడి పుడుతుందో, పగులుతుందో పగలదో తేల్చడం. మొదటి లెక్కలో తేలిన వేడిని తీసుకెళ్ళి రెండో లెక్కకి అందించాలి.

"లెక్కలు రెండూ చేసేది కంప్యూటరే. ఇక్కణ్ణుంచి అక్కడికి సరిగ్గా మోయించడం నా పని" అంది.

"అంటే వడ్డన" అన్నాను.

"ఆఁ, వడ్డనే. వంట బాగా ఉన్నా వడ్డించేవాళ్ళు పప్పు బదులు పులుసు పోస్తే ఏమవుతుంది?"

వేడికీ ఒత్తిడికీ ఏమిటి సంబంధం అని నేను అడగలేదు. అది నాకు తెలుసు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో కమ్మరి బండిచక్రానికి ఇనప పట్టా తొడగడం ఎన్నిసార్లు చూశానో. పట్టా చక్రంకన్నా చిన్నదిగానే చేస్తాడు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగింది సాగినట్టుగా పట్టుకార్లతో తెచ్చి చక్రానికి తొడిగి నీళ్ళు గుమ్మరిస్తాడు. చుయ్యిమని పొగ. పట్టా ముడుచుకుని కర్రను కరిచిపట్టుకుంటుంది. ఒక్కోసారి ఆ బిగువుకి ఆకులు కిర్రుమనేవి. మేకు అక్కర్లేదు, బంక అక్కర్లేదు.

ఇది చెబితే అమ్మాయి కళ్ళింతవి చేసుకుని, "నాలుగేళ్ళు ఇంజనీరింగులో నాకెవరూ ఇలా చెప్పలేదమ్మా" అంది. నాకు ఒకటే గర్వం. తర్వాత అదే కాగితం మీద లెక్క వేసి చూపించింది. మీటరు పొడవు ఉక్కు కడ్డీని నూరు డిగ్రీలు వేడి చేస్తే సాగేది ఒక మిల్లీమీటరు చిల్లర. అంతే. కానీ దాన్ని సాగనివ్వకుండా రెండు వైపులా గట్టిగా బిగించేస్తే మాత్రం, ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా దాదాపు ఇరవైనాలుగు కిలోల బరువు పడ్డట్టు. ఆవగింజంత చోటు మీద బియ్యం బస్తా నిలబెట్టినట్టు! మామూలు ఉక్కు ఇంచుమించు అక్కడికే లొంగిపోతుందట.

ఒక్క విషయం మాత్రం నాకు అప్పుడు తలకెక్కలేదు. వస్తువంతా ఒకేలా వేడెక్కి, దాన్నెవరూ పట్టి ఉంచకపోతే ఎంత వేడైనా బాధ లేదట, హాయిగా పెరిగి ఊరుకుంటుందట. ఒక చోట వేడిగానూ పక్క చోట చల్లగానూ ఉన్నప్పుడే ప్రమాదమంతా. లోపలిది సాగుతానంటుంది, బయటిది ససేమిరా అంటుంది. మధ్యన నలిగేది ఎవరో చెప్పక్కర్లేదు, ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినవాళ్ళకి.

ఇంతకీ ఆ వడ్డనలో కష్టమేమిటంటారా? చాలానే ఉంది.

పక్కింటావిడ ముగ్గు మీకు నచ్చింది. ఆవిడది పదిహేను చుక్కల ముగ్గు. మీ వాకిలి పెద్దది, మీరు ఇరవైయొక్క చుక్కలు పెట్టేశారు. ఇప్పుడు ఆవిడ ముగ్గు మీ చుక్కల మీద వేయండి చూద్దాం! ఆవిడ గీత వెళ్ళిన చోట మీకు చుక్క ఉండదు, మీ చుక్క ఉన్న చోట ఆవిడకి గీత ఉండదు. అటు చుక్కా ఇటు చుక్కా చూసి మధ్యస్థంగా ఊహించుకోవాలి. ఈ రెండు లెక్కల్లోనూ అంతే. వేడి లెక్కకి ఆవిరి తగిలే గోడ దగ్గర సన్న ముక్కలు కావాలి. బిగువు లెక్కకి మూలల్లో, మలుపుల్లో సన్న ముక్కలు కావాలి. అక్కడి చుక్కలు ఇక్కడి చుక్కలకి సరిపోవు. కంప్యూటరు చుట్టుపక్కల చుక్కలు చూసి ఊహించి నింపుతుంది. బొమ్మ ఒకటి కాస్త పక్కకి జరిగి ఉందనుకోండి, కొన్ని చుక్కలకి అసలు వేడే అందదు. మంటల మధ్యలో మంచుగడ్డలా అవి చల్లగా ఉండిపోతాయి. అప్పుడు లేని ఒత్తిడి కనిపించి గుండెలు బాదుకుంటారు.

ఇంకోటి, మొదలు ఎక్కణ్ణుంచి అన్నది. నూరు డిగ్రీలుంది సరే, ఏ వేడిలో ఉన్నప్పుడు అది బాధ లేకుండా ఉండేది? ఇరవై అయిదు దగ్గరా, సున్నా దగ్గరా? అది చెప్పకపోతే లెక్క తనకి తోచిన చోట మొదలుపెడుతుంది.

ఇక కొలతలు. ఇది మాత్రం నాకు చెప్పనే అక్కర్లేదు. మా పెద్దవాడు జర్మనీలో ఉంటాడు. ఓసారి అర్ధరాత్రి ఫోను చేసి, "పిల్లదానికి ముప్పై ఎనిమిదిన్నర ఉందమ్మా" అని కంగారు పడ్డాడు. నేను నిద్రమత్తులో తొంభై ఎనిమిదిన్నర అనుకుని, "దానికేమిట్రా, జ్వరమే లేదు, పడుకోండి" అన్నాను. తీరా తెల్లారి లెక్క చూస్తే మన లెక్కలో నూట ఒకటి దాటింది! వాడు నా మాట వినకుండా డాక్టరుకి ఫోను చేయబట్టి సరిపోయింది. నేనొక్కదాన్నే ఇలా అని సిగ్గుపడుతుంటే అమ్మాయి ఓదార్చింది. 1999లో అమెరికా వాళ్ళు అంగారకుడి చుట్టూ తిరగడానికి పంపిన 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' సరిగ్గా ఇలాగే పోయిందట. ఒక ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో అంకెలిచ్చింది, అందుకున్న ప్రోగ్రాము న్యూటన్ల లెక్క అనుకుంది. అంకెలు నాలుగున్నర రెట్లు తేడా. నౌక అంగారకుడికి మరీ దగ్గరగా పోయి మళ్ళీ కనిపించలేదు. అంత చదువుకున్నవాళ్ళకే తప్పలేదంటే నిద్రమత్తులో ఉన్న నాయనమ్మదేముంది?

అసలు చెప్పవలసింది ఇక్కణ్ణుంచి.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం. ఆ వాల్వు పని పూర్తయిందనీ, శుక్రవారమే రిపోర్టు పంపేశాననీ, పైవాళ్ళు మెచ్చుకున్నారనీ అమ్మాయి మంచి ఉత్సాహంలో ఉంది. నేను కాఫీ కలుపుతున్నాను. ఇంట్లో అందరికీ స్టీలు గ్లాసులే గానీ, ఎవరో పెళ్ళిలో ఇచ్చిన గాజు గ్లాసులు అరడజను అలా పడి ఉన్నాయని ఆ రోజెందుకో తీశాను. చన్నీళ్ళతో కడిగి, పొంగుతున్న కాఫీ పోశానో లేదో టప్ మని గ్లాసు పొడుగునా చీలిపోయింది. కాఫీ అంతా గట్టు మీద.

అమ్మాయి గుడ్డ తెచ్చి తుడుస్తూ, "లోపలి పొర వేడెక్కి సాగిందమ్మా, బయటి పొర ఇంకా చల్లగానే ఉంది. దాన్ని లాగేసింది. గాజు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు" అని పాఠం చెప్పింది.

"అదేమోగాని, పోసిన క్షణంలో పగలకపోతే ఇంక పగలదే గ్లాసు" అన్నాను. నాకేదో తెలిసి అన్నాననుకునేరు. నలభై ఏళ్ళుగా గ్లాసులు పగలగొట్టిన అనుభవం, అంతే. "నీ వాల్వు బొమ్మలో ఆవిరి పోసి ఎంతసేపయిందే?"

"గంట" అంది.

అని, గుడ్డ అలా పట్టుకునే నుంచుండిపోయింది. కాఫీ చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతున్నాయి. తర్వాత ఏమీ మాట్లాడకుండా గదిలోకి వెళ్ళి కంప్యూటరు తెరిచింది.

సంగతేమిటంటే, వేడి లెక్క ఒక్క అంకె ఇవ్వదు. ఆవిరి వదిలిన దగ్గర్నుంచి గంటసేపు, నిమిషం నిమిషానికీ ఒక్కో బొమ్మ ఇస్తుంది. రెండో లెక్కని దానికి ముడిపెట్టినప్పుడు "ఏ నిమిషపు వేడి తీసుకోను?" అని ఒక చిన్న గడి ఉంటుంది. మనం ఏమీ మార్చకపోతే అది ఆఖరిదే తీసుకుంటుంది. ఆ ఆఖరి నిమిషానికి వాల్వు గోడంతా, లోపలా బయటా, ఇంచుమించు ఒక్కలా కాగిపోయి ఉంది. తేడా లేదు గనక బిగువూ లేదు. బొమ్మంతా ప్రశాంతంగా నీలం రంగు. దాన్నే అమ్మాయి రిపోర్టులో పెట్టింది.

రాత్రి రెండింటిదాకా గదిలో దీపం ఆరలేదు. నేను వెళ్ళి చూసేసరికి తెర మీద అదే వాల్వు, ఆవిరి వదిలిన ఎనిమిదో నిమిషం. లోపల కాగిపోతోంది, బయట ఇంకా వేడే చేరలేదు. గొట్టం మలుపు తిరిగే చోట ఎర్రగా, గోరింటాకు పండినట్టు. ఉండవలసినదానికి ఒకటిన్నర రెట్లు ఉందట అక్కడ ఒత్తిడి.

"ఇప్పుడేం చేస్తావే?"

"రేపు పొద్దున్నే చెప్పేస్తాను. తప్పు నాదేనని రాసి, కొత్త రిపోర్టు పంపిస్తాను."

అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా రాస్తాను. "మెచ్చుకున్నారంటివిగా. వాళ్ళకెలా తెలుస్తుంది? ఆ తయారుచేసేవాళ్ళు మళ్ళీ చూసుకోరూ? నువ్వెందుకు మీదేసుకోవడం?" అన్నాను.

అది నన్ను తిట్టలేదు. "అమ్మా, అది పగిలితే పక్కన మనిషుంటాడు" అని మాత్రం అంది. నా వంక చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. కోపం కాదు. ఇన్నాళ్ళూ తనింట్లో ఉన్న మనిషి ఎవరో తెలీనట్టు చూసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1982 గుర్తొచ్చింది.

నేను కాపురానికి వచ్చి ఏడాది. బెజవాడ, సత్యనారాయణపురంలో పెంకుటిల్లు. అత్తయ్యగారు, మామయ్యగారు, మావారు, ఇద్దరు మరుదులు. మామయ్యగారు రిటైరైన మాస్టారు. తెల్లారుజామున లేచి కాలవ గట్టు వెంట రెండు మైళ్ళు నడిచి రాకపోతే ఆయనకి తెల్లారినట్టుండేది కాదు. నన్ను పేరు పెట్టి పిలవకుండా "అమ్మాయ్" అనేవారు, కన్నకూతుర్ని పిలిచినట్టు.

ఆయనకి జ్వరం వచ్చింది. ఇంట్లో చదువుకున్న కోడల్ని గనక థర్మామీటరు బాధ్యత నాదయింది. పొద్దునా సాయంత్రం చూసి, వంటింటి గుమ్మం పక్కన వేలాడే తిథుల క్యాలెండరులో ఏ తారీకు గడిలో ఆ తారీకుది పెన్సిలుతో వేసుకునేదాన్ని. పొద్దున తొంభై తొమ్మిదిన్నర, సాయంత్రం నూట ఒకటి. మర్నాడు పొద్దున మళ్ళీ తొంభై తొమ్మిదిన్నర, సాయంత్రం నూట రెండు. అలా సాయంత్రం సాయంత్రానికీ ఒక మెట్టు పైకి.

డాక్టరుగారు ఆస్పత్రికి వెళుతూ పొద్దున ఎనిమిదింటికి వచ్చేవారు. పెద్దాయన, మంచాయన. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "ఇప్పుడెంత ఉందమ్మా?" అని అడిగేవారు.

"తొంభై తొమ్మిదిన్నరండీ" అనేదాన్ని.

ఆయన అడిగింది ఇప్పటిది. నేను చెప్పింది ఇప్పటిదే. అబద్ధం లేదు. నిన్న సాయంత్రం నూట మూడు ఉందని నోటిదాకా వచ్చేది. కానీ అత్తయ్యగారు పక్కన నుంచుని ఉండేవారు, మరుదులు వాకిట్లో ఉండేవారు. అడిగినదానికి జవాబు చెప్పి తప్పుకోవడమే కోడలి మర్యాద అనుకునే వయసు నాది. డాక్టరుగారు "తగ్గుముఖం పట్టింది" అని మామూలు మాత్రలే రాసి వెళ్ళేవారు. ఆ పాదరసపు థర్మామీటరు ఉందే, అది నయం. ఎంత దూరం ఎక్కిందో అక్కడే నిలబడి ఉంటుంది, మనం విదిలించేదాకా దిగదు. రోజూ పొద్దున్నే దాన్ని విదిలించి కడిగి పెట్టేదాన్ని నేనే.

అయిదో రోజు ఏదో కేసుకి మా వీధిలోకి వచ్చి, డాక్టరుగారు సాయంత్రం ఆరింటికి తొంగిచూశారు. తనే థర్మామీటరు పెట్టి చూసి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశారు. నూట మూడున్నర. మర్నాడే నెత్తురు పరీక్ష. టైఫాయిడు. క్లోరాంఫెనికాలు మాత్రలు, బార్లీ నీళ్ళు, సగ్గుబియ్యం జావ, నెలరోజులు మంచం. మామయ్యగారు బతికారు. తర్వాత పధ్నాలుగేళ్ళు ఉన్నారు కూడా. కానీ ఆ మనిషి మళ్ళీ లేవలేదు. కాలవ గట్టు దాకా నడవడం లేకుండాపోయింది. వీధి అరుగు దాకా వచ్చి, నడిచేవాళ్ళని చూస్తూ కూర్చునేవారు.

ఇంట్లో అందరూ డాక్టరుగార్ని ఆడిపోసుకున్నారు. "అయిదు రోజులు పోల్చుకోలేకపోయాడు, అదేం వైద్యం?" అన్నారు. ఆయన్ని మానేసి వేరే డాక్టర్ని పెట్టుకున్నారు. ఎదురుపడితే పలకరింపు కూడా తగ్గింది. నేను అందరి మాటలూ వింటూ అన్నం వడ్డించాను. ఒకరోజు మధ్యాహ్నం, అందరూ పడుకున్నాక, ఆ క్యాలెండరు కాగితం చింపి కుంపట్లో వేశాను.

ఆ డాక్టరుగారు పోయి చాలా ఏళ్ళయింది.

అమ్మాయి సంగతి చెప్పాలి కదా. సోమవారం పొద్దున్నే చెప్పేసింది. పై అధికారి గట్టిగానే మాట్లాడారని దాని ముఖం చూస్తే తెలిసింది. రెండు వారాలు దాని పనంతా ఇంకొకరు మళ్ళీ తనిఖీ చేశారు. అది దానికి తిట్లకన్నా కష్టమయింది. తయారుచేసేవాళ్ళు మాత్రం వాల్వు గోడ మార్చలేదట. చల్లగా ఉన్నప్పుడు ఆవిరి ఒక్కసారి వదలకుండా ఇంకా నెమ్మదిగా, ఎక్కువసేపు వెచ్చబెట్టాలని పద్ధతి మార్చుకున్నారు. అది వినగానే నాకు మా పాత పొరుగాయన గుర్తొచ్చారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో 1979లో మొదటి యూనిట్ మొదలైన కొత్తల్లో అక్కడ పనిచేశారు. "ఆగిపోయి చల్లారిన యంత్రాన్ని లేపడమంటే కాఫీ కాచినట్టు కాదమ్మా, గంటలు గంటలు బుజ్జగించాలి" అనేవారు. అప్పుడు ఆయన గొప్పలు పోతున్నారనుకున్నాను.

ఇప్పుడు అమ్మాయి బల్ల మీద ఒక చీటీ అంటించుకుంది. 'ఏ నిమిషం?' అని. బట్టలు మడతపెట్టుకుంటుంటే రోజూ నాకు కనిపిస్తుంది.

ఆ చీటీ చూసి చూసి, ఒకరోజు సాయంత్రం మావారి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. కన్నతండ్రి విషయం, నలభై ఏళ్ళు దాటింది. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు.

"ఏమండీ, మామయ్యగారికి టైఫాయిడు వచ్చినప్పుడు..."

"క్యాలెండరు సంగతా?" అన్నారు పేపరు దించకుండానే.

నా నోట మాట రాలేదు.

"నెల సగం కాకుండానే కాగితం చింపేస్తివి. ఏకాదశి ఎప్పుడో తెలీక అమ్మ పక్కింటికి పరిగెత్తింది, గుర్తులేదూ? ఇల్లంతా ఎతికాం."

"మీకు తెలుసా?"

"ఆఫీసుకి వెళ్ళేముందు రోజూ తారీకు చూసుకునేవాణ్ణిగా. నీ అంకెలు కనిపించేవి. సాయంత్రం నూట రెండు, నూట మూడు." కాసేపు ఆగారు. "డాక్టరు వచ్చే వేళకి నేను గుమ్మంలోనే ఉండేవాణ్ణి, సైకిలు తుడుచుకుంటూ. నువ్వు చెప్పే జవాబు వినపడేది."

అంతే అన్నారు. నేనూ ఇంకేమీ అడగలేదు. పేపరు మళ్ళీ పైకెత్తుకున్నారు గానీ, పేజీ తిప్పిన చప్పుడు చాలాసేపటిదాకా వినపడలేదు. ఆయనకని కలిపి పెట్టిన కాఫీ లోపల గట్టు మీదే చల్లారిపోయింది. లేచి, మళ్ళీ వెచ్చబెట్టి, స్టీలు గ్లాసులో పోసి తెచ్చి ఇచ్చాను.